ముతక, మోటు, గ్రామ్యం: పనిని తూచే మాటలు, మనిషిని తూచే మాటలు

ఒక వస్తువు చక్కగా కుదరలేదని చెప్పడానికి ప్రతి భాషలోనూ కొన్ని మాటలుంటాయి. తెలుగులో ఇవి మరీ విస్తారం. ముతక, గరుకు, ముడి, పచ్చి, అరకొర, నాసిరకం, అతుకులబొంత, తీరూ తెన్నూ లేనిది అంటాము. మోటు, మొరటు, నాటు, బండ, పామరం, గ్రామ్యం అని కూడా అంటాము. నిఘంటువులో వీటిలో చాలా మాటలు ఒకదానికొకటి అర్థాలుగా కనిపిస్తాయి. సాహిత్య సమీక్షలలోనూ ఒకదాని స్థానంలో మరొకటి యథేచ్ఛగా వాడబడుతున్నాయి. కాని నిదానించి చూస్తే ఇవి రెండు వేర్వేరు కుదుళ్ళకు చెందిన మాటలని తెలుస్తుంది. మొదటి వరుసలోని మాటలు వస్తువును గురించి చెబుతాయి. రెండవ వరుసలోని మాటలు వస్తువును చేసిన మనిషిని గురించో, అతడు పుట్టిన ఊరిని గురించో చెబుతాయి. ఈ భేదాన్ని విస్మరించడం వలన మన విమర్శకు కలిగిన నష్టమేమిటో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ పరిశీలనకు ఖరగ్‌పూర్‌ను ఆధారంగా తీసుకోవడానికి కారణముంది. పశ్చిమ బెంగాల్‌లోని ఈ రైల్వే పట్టణం పనితనం మీద పుట్టిన ఊరు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఇక్కడ జంక్షన్‌నూ, ఆ తరువాత ఇంజన్లనూ పెట్టెలనూ మరమ్మతు చేసే భారీ వర్క్‌షాపునూ నిర్మించింది. తూర్పు తీర రైలుమార్గంలో వాల్తేరు వరకు గల ఉత్తర భాగం 1902లో ఈ కంపెనీ పరమైంది. దానితో నేటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల నుంచి వేలాది కుటుంబాలు పనికోసం ఖరగ్‌పూర్ చేరుకున్నాయి. మథురాకాటి, నింపురా వంటి పేటలలో తెలుగు వాడుక భాష అయింది. 1927లో కార్మికుల తొలగింపుకు వ్యతిరేకంగా వర్క్‌షాపులో సాగిన పోరాటానికి వి.వి.గిరి నాయకత్వం వహించారు. అనంతరకాలంలో ఆయనే స్వతంత్ర భారతదేశానికి కార్మిక మంత్రిగా, రాష్ట్రపతిగా పనిచేశారన్నది సుపరిచితమే. 1955 నుంచి ఈ పట్టణం ఆగ్నేయ రైల్వేలో భాగంగా ఉంది. ఇచ్చట నాలుగైదు తరాలుగా తెలుగువారి అన్నం పనితనంతో ముడిపడి ఉన్నది. కనుక పనితనం కొరవడడమంటే ఏమిటో ఈ ఊరి భాషను అడగడం సముచితం.

వర్క్‌షాపులో లేతు మీద ఉక్కు కడ్డీని చెక్కేటప్పుడు మొదట రఫ్ కోత, తరువాత ఫినిష్ కోత వేస్తారు. రఫ్ అనేది అక్కడ నింద కాదు, ఒక దశ. ఆ దశలో నునుపు కోసం ప్రయాసపడేవాడినే పని తెలియనివాడని అంటారు. మన వడ్రంగి సంప్రదాయంలోనూ ఇదే క్రమం ఉన్నది. బాడిసతో చెక్కిన తరువాతే చిత్రిక పట్టడం. బాడిస దెబ్బ గరుకుగా ఉన్నదని వడ్రంగిని ఎవరూ తప్పుపట్టరు. ఇక ఆకురాళ్ళ సంగతి మరింత ఆసక్తికరం. ఆకురాయి పళ్ళ ముతకదనాన్ని బట్టి బాస్టర్డ్, సెకండ్ కట్, స్మూత్ అని తరగతులున్నాయి. మనిషికి పెడితే ఘోరమైన తిట్టయ్యే ఇంగ్లీషు మాట ఇక్కడ పళ్ళ మధ్య ఎడమెంతో చెప్పే కొలతగా మారిపోయింది. కార్మికుడు ఆ మాటను ఏ సంకోచమూ లేకుండా, ఏ కోపమూ లేకుండా రోజూ వాడుకుంటాడు. తిట్టును కొలతగా మార్చుకోవడం కర్మాగారం సాధించిన సంస్కారం. మన సాహిత్య విమర్శ దీనికి ఎదురుదిశగా నడిచి, కొలతలను తిట్లుగా మార్చుకున్న సందర్భాలు తక్కువేమీ కావు.

మరొక విషయం కూడా గమనార్హం. యంత్రభాగం నక్షాలో ప్రతి ముఖానికీ ఎంత నునుపు కావాలో పూర్వం చిన్న చిన్న త్రికోణాలతో సూచించేవారు. త్రికోణాలు పెరిగిన కొద్దీ నునుపు పెరగాలని అర్థం. కొన్ని ముఖాలను పోత పోసినట్లే వదిలివేయవచ్చునని సూచించడానికి వేరే గుర్తు ఉండేది. ఇప్పుడు అదే సంగతిని మైక్రానులలో చెబుతున్నారు. అనగా నునుపు అనేది అంతటా ఒకే మోతాదులో ఉండవలసిన గుణం కాదు. ఇరుసులో బేరింగుపై తిరిగే భాగం అద్దంలా ఉండాలి. బ్రేకు దిమ్మకు ఆ అవసరం లేదు. పట్టా మీద చక్రం జారిపోతున్నప్పుడు ఇంజను నుంచి ఇసుక వదిలి గరుకుదనం కల్పించే ఏర్పాటు ఆవిరి యంత్రాల కాలం నుంచి ఉన్నది. వందల టన్నుల బండి కదలాలంటే రెండు నునుపైన లోహాల మధ్య కొంత గరుకు కావలసి వచ్చింది. కవిత్వంలోనూ గరుకు ఎక్కడ అవసరమో, ఎక్కడ అనవసరమో అడగకుండా 'గరుకుగా ఉన్నది' అని మాత్రమే అనడం విమర్శ అనిపించుకోదు.

ముతక అన్న మాట ఈ విషయాన్ని మరింత స్పష్టం చేస్తుంది. ఇది నేతపనిలోని మాట. నూలు ముతకో సన్నమో నెంబరు చెబుతుంది. పౌను బరువు నూలులో 840 గజాల చిలపలు ఎన్ని ఉన్నాయో అదే ఆ నూలు నెంబరు. ముతక అన్నవాడిని ఎంత ముతక అని అడగవచ్చు, తూచి చూడవచ్చు, కాదని వాదించవచ్చు. ఖాదీ అంటే ముతక అని దేశమంతా అనుకుంటున్న కాలంలోనే ఖరగ్‌పూర్ తెలుగువారి పూర్వుల ప్రాంతంలోని పొందూరులో, వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని శుభ్రపరచి, చేతితో నూరో నెంబరు నూలు వడికేవారు. ఆ పనితనం ఇప్పటికీ బతికి ఉన్నది. చేతితో వడికినది కనుక మోటుగానే ఉంటుందన్న ఊహను ఆ వస్త్రం ఒక్కటే పూర్వపక్షం చేస్తుంది. ఇక వంగదేశంలో స్వదేశీ ఉద్యమ కాలంలో, 1905 ప్రాంతాన, రజనీకాంత సేన్ ముతక బట్టను తల్లి ఇచ్చిన కానుకగా స్వీకరించమని పాట కట్టాడు. ముతకదనాన్ని ఆయన దాచలేదు. దానిని ఒప్పుకొని, అయినప్పటికీ అది ఎందుకు ధరించదగినదో చెప్పాడు. కొలత మాటకు ఉన్న సౌలభ్యం ఇదే. దానిని అంగీకరించి కూడా గౌరవం నిలుపుకోవచ్చు.

గ్రామ్యం అన్న మాటకు ఈ సౌలభ్యం లేదు. ఎంత గ్రామ్యం అని అడిగితే జవాబు రాదు. మమ్మటుడు కావ్యప్రకాశంలో చెప్పిన పదహారు పదదోషాలను చూడండి. శ్రుతికటువు చెవికి కలిగే ఇబ్బందిని చెబుతుంది. నిరర్థకం అర్థం లేకపోవడాన్ని చెబుతుంది. సందిగ్ధం, క్లిష్టం అన్నవి చదువరి పడే చిక్కును చెబుతాయి. వీటి మధ్య గ్రామ్యం ఒక్కటే ఆ పదం ఎక్కడ కాపురముంటున్నదో చెబుతుంది. అంతకు ముందే వామనుడు లోకవ్యవహారంలో మాత్రమే ఉన్న పదం గ్రామ్యమని నిర్వచించాడు. అయితే మన ఆలంకారికులు అమాయకులు కారు. తగిన పాత్ర నోట పలికినప్పుడు గ్రామ్యం గుణమవుతుందని మమ్మటుడే అంగీకరించాడు. ఈ వెసులుబాటును తరువాతి కాలపు పండితులు మరచిపోయారు. మాట మాత్రం మిగిలింది.

ఇది ఒక్క మన దేశపు వ్యవహారం కాదు. నగరంలో ఉండేవాడు నాగరకుడైనట్లే, లాటిన్‌లో నగరాన్ని తెలిపే మాట నుంచి ఇంగ్లీషులో మర్యాదస్థుని విశేషణం పుట్టింది. పల్లె భూస్వామ్యాన్ని తెలిపే మాట నుంచి దుర్మార్గుని పేరు పుట్టింది. గ్రీకులు తమ భాష రానివారి మాటను అర్థంలేని గొణుగుడుగా విని వారికి పెట్టిన పేరు ఈనాటికీ అనాగరికతకు పర్యాయంగా చెల్లుతున్నది. చరిత్రను చదివినవారికి ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు. పాలించే ఊరు తన అలవాట్లకు సంస్కారమనీ, పాలనలో ఉన్న ఊళ్ళ అలవాట్లకు మోటుతనమనీ పేర్లు పెట్టుకుంటుంది. కాలక్రమంలో ఆ పేర్లు రుచికి సంబంధించిన నిర్ణయాలుగా చెలామణి అవుతాయి.

తెలుగులో ఈ చర్చ భాషోద్యమంగా పరిణమించింది. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి వ్యాకరణ లక్షణానికి ఒదగని భాషను గ్రామ్యమన్నాడు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాలలో ఈ మాట చుట్టూ పెద్ద వాదం చెలరేగింది. శ్రీకాకుళం ప్రాంతంలో పుట్టి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా పనిచేసిన గిడుగు రామమూర్తి, విజయనగరంలో గురజాడ అప్పారావు వ్యావహారికం పక్షాన నిలిచారు. జయంతి రామయ్య పంతులు ప్రభృతులు గ్రాంథికం పక్షాన నిలిచారు. ఈ వాదంలో ఫలితాన్ని గురించి అందరూ రాశారు. ఇక్కడ గమనించవలసింది గిడుగువారి పద్ధతిని. తన భాషను గ్రామ్యమన్నవారికి ఆయన మరొక తిట్టుతో జవాబివ్వలేదు. గ్రాంథికవాదులు నిర్దుష్టమని నమ్మి రాసిన వచనాన్నే ముందు పెట్టుకొని, అందులో వారి వ్యాకరణం ప్రకారమే తప్పులైన ప్రయోగాలను ఒక్కొక్కటిగా ఏరి చూపించారు. ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం ఆ శ్రమకు సాక్ష్యం. ఎదుటివారు మనిషిని తూచే మాట వాడితే, ఆయన పనిని తూచే మాటతో సమాధానం చెప్పారు. సవర భాషకు నిఘంటువు, వ్యాకరణం సమకూర్చిన ఆ మహనీయునికి, ఏ జాతి నోటి మాటకైనా లక్షణముంటుందని తెలుసు.

ఖరగ్‌పూర్ తెలుగుకు ఈ చర్చ దూరమైనది కాదు. ఆంధ్రదేశం నుంచి వచ్చినవారు అక్కడి మాట విని 'యాస', 'మోటు', 'చెడిపోయిన తెలుగు' అనడం పరిపాటి. అందులో హిందీ, బెంగాలీ మాటలు కలిసిన సంగతి నిజమే. కాని చెడిపోయిందనిపించే రూపాలలో కొన్ని ఉత్తరాంధ్ర నుంచి తెచ్చుకున్నవే. 'వచ్చాడు' అనవలసిన చోట 'వచ్చినాడు' అనడం ఇటువంటిది. చరిత్ర దృష్టితో చూస్తే 'వచ్చినాడు' పాతది, 'వచ్చాడు' దాని నుంచి కుదించుకొని వచ్చిన కొత్త రూపం. కృష్ణా గోదావరి మండలాల మాట పత్రికలకూ పాఠ్యపుస్తకాలకూ ప్రమాణమైనందువలన కొత్తది శిష్టమైంది, పాతది మోటైంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తి కల్పించాలని నిర్ణయించడం హర్షణీయం. ప్రభుత్వం భాషకు హోదా ఇవ్వగలదు. ఆ భాష మాట్లాడే పిల్లవాడిని సొంత బంధువులే నవ్వకుండా చూడడం మాత్రం ప్రభుత్వం చేయగల పని కాదు. అది మన రుచికి సంబంధించిన విషయం.

ఈ పత్రిక పాఠకులలో ప్రభుత్వోద్యోగులు గణనీయంగా ఉన్నారు. కనుక మరొక మాటను ప్రస్తావించక తప్పదు. అది 'నైపుణ్యరహిత' అన్న విశేషణం. 1948 నాటి కనీస వేతనాల చట్టం కింద వెలువడిన ప్రకటనలలో కార్మికులను నైపుణ్యం లేనివారు, కొంత ఉన్నవారు, ఉన్నవారు, మిక్కిలి ఉన్నవారు అని వర్గీకరించడం ఆనవాయితీ. 2019 నాటి వేతనాల స్మృతిలోనూ ఆ విభజన చోటుచేసుకున్నది. పరిపాలనకు వర్గీకరణ అవసరమే. కాని ఇందులో మొదటి మాట ఏమి చేస్తున్నదో ఆలోచించాలి. పట్టాపై వంగి ఒంటికన్నుతో చూసి, వరుస ఎక్కడ పక్కకు జరిగిందో చెప్పగల గ్యాంగు మేటు చూపు నైపుణ్యమా, కాదా? ఇంజను విడిభాగాలను ఏ వరుసలో విప్పాలో, ఏ బోల్టు ఎంత బిగువులో తెగుతుందో చేతి అంచనాతో తెలుసుకున్న కళాసీకి ఉన్నదేమిటి? ధ్రువపత్రం లేని నైపుణ్యం అనవలసిన చోట నైపుణ్యం లేదనడం మాటపట్టింపు వ్యవహారం కాదు. ఆ ఒక్క విశేషణం మీద నెల జీతం, పదోన్నతి, పిల్లల చదువు ఆధారపడి ఉంటాయి. 'శిక్షణ పొందని', 'పరీక్షింపబడని' అన్న మాటలు ప్రమాణాన్ని చెబుతాయి. 'నైపుణ్యరహిత' అన్న మాట మనిషిని ఖాళీ చేస్తుంది.

పనివారి భాషలో ఎంత పరిజ్ఞానం దాగి ఉన్నదో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశాలు నిరూపించాయి. 1962లో వ్యవసాయ పదాలు, 1971లో చేనేత పదాలు వెలువడ్డాయి. పామరమని పక్కన పెట్టిన భాషలో ప్రతి పరికరానికీ, ప్రతి దశకూ, ప్రతి లోపానికీ వేర్వేరు పేర్లున్నాయని లోకానికి తెలిసింది. లోపానికి పేరు పెట్టగలగడమే నైపుణ్యానికి మొదటి గుర్తు. రైల్వే వర్క్‌షాపులలో తెలుగు కార్మికులు వాడే మాటలకు అటువంటి కోశమొకటి సిద్ధమైతే అది భాషకూ, కార్మిక చరిత్రకూ మేలు చేస్తుంది. పాత తరం పదవీ విరమణ చేసి వెళ్ళిపోతున్నందున ఈ పని ఆలస్యమైన కొద్దీ నష్టం పెరుగుతుంది.

నునుపు పట్ల మనకున్న భక్తి ఎంత ఖరీదైనదో బియ్యం కథ చెబుతుంది. దంపుడు బియ్యాన్ని పేదల తిండిగా చిన్నచూపు చూసి, మరలో తెల్లగా మెరుగుపెట్టిన బియ్యాన్ని గొప్పగా భావించిన కాలమొకటి నడిచింది. జావా ద్వీపంలో పనిచేస్తున్న డచ్చి వైద్యుడు ఐక్మన్ 1890లలో కోళ్ళపై పరిశీలనలు జరిపి, బెరిబెరి వంటి వ్యాధికి మెరుగుపెట్టిన బియ్యంతో సంబంధమున్నదని చూపాడు. ఆయనకు 1929లో నోబెల్ బహుమతి లభించింది. మెరుగు పేరుతో తీసి పారవేసిన తవుడులోనే ప్రాణాధారమైన పదార్థమున్నది. ఇప్పుడు అదే దంపుడు బియ్యం ఎక్కువ ధరకు అమ్ముడవుతున్నది. నాటుకోడి సంగతీ అంతే. 'నాటు నాటు' పాటకు 2023లో ఆస్కార్ లభించిన తరువాత ఆ మాట ప్రపంచానికంతటికీ పరిచయమైంది.

అయితే ఇక్కడొక ప్రమాదముంది. నిన్నటిదాకా మోటు అని తోసిపుచ్చినవారే నేడు 'మట్టివాసన', 'పల్లె సొగసు', 'సహజత్వం' అని మెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఇది గౌరవంలా కనిపిస్తుంది గాని, తూకం మారలేదు. అప్పుడూ మనిషి పుట్టుకనే చూశారు, ఇప్పుడూ దానినే చూస్తున్నారు. ఖరగ్‌పూర్‌లో ఒక కార్మికుడు నాటకం రాస్తే, అందులో రెండవ అంకం ఎందుకు సాగిలపడిందో చెప్పకుండా, శ్రమజీవి రాసినది కనుక గొప్పదని దండ వేయడం అతడిని అవమానించడమే. తన లేతు మీద తయారైన భాగాన్ని గేజి పెట్టి చూడకుండా 'పాపం, కష్టపడ్డాడు' అని పంపించే తనిఖీదారును అతడు గౌరవించడు. నాటకం విషయంలో మాత్రం అటువంటి తనిఖీదారును ఎందుకు గౌరవించాలి?

లోపాలు లేవని ఎవరూ అనడం లేదు. చేతకానితనం నిజంగా ఉన్నది. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత ఊరికే పుట్టలేదు. ప్రవాసాంధ్రుల రచనలలో అరువు పదబంధాలు, అవసరం లేని ఉపన్యాసాలు, పాత్రలన్నీ ఒకే గొంతుతో మాట్లాడడం వంటి లోపాలు కనిపిస్తాయి. హైదరాబాదు, విజయవాడలలో అచ్చయ్యే రచనలలోనూ అవే కనిపిస్తాయి. వాటిని వాటి పేర్లతో పిలవాలి. కర్మాగారంలో తనిఖీ పత్రంపై 'ఈ భాగం మోటుగా ఉన్నది' అని రాస్తే ఆ పత్రం చెల్లదు. ఏ కొలత, ఎంత తప్పింది, సరిచేయవచ్చునా, పారవేయాలా అన్నది రాయాలి. కవితను మైక్రానులలో కొలవలేమన్న అభ్యంతరం సమంజసమే. కాని తప్పు ఎక్కడ ఉన్నదో వేలు పెట్టి చూపడం సాధ్యమే. ఈ పాదం ఊపిరి ఆడనివ్వడం లేదు, ఈ ఉపమానం వస్తువును కప్పివేస్తున్నది, ఈ సంభాషణ ఆ మనిషి నోట రాదు అని చెప్పవచ్చు. ఈ వాక్యాలలో ఏ ఒక్కటీ రచయిత కులాన్ని గాని, జిల్లాను గాని, జీతాన్ని గాని స్పృశించదు. పైగా మరునాడు కూర్చొని సరిదిద్దుకోవడానికి అతనికి ఒక దారి చూపుతుంది.

విమర్శ పదానికి ఒక పరీక్ష పెట్టుకోవచ్చు. ఆ మాట విన్న రచయిత తన రచన వైపు చూస్తే అది పనిని తూచే మాట. తన బట్టల వైపు, తన చేతుల వైపు చూసుకుంటే అది మనిషిని తూచే మాట. సమీక్ష రాసేవారికీ, బహుమతుల సంఘాలలో కూర్చునేవారికీ, దస్త్రంపై విశేషణం రాసే అధికారులకూ ఈ పరీక్ష సమానంగా వర్తిస్తుంది. మన భాషలో మొదటి తరహా మాటలకు కొదవ లేదు. చేనేతవారూ, వడ్రంగులూ, రైల్వే పనివారూ వాటిని వాడి వాడి పదును పెట్టి ఉంచారు. తీసుకొని వాడుకోవడమే మనం చేయవలసినది.